మందు కాదు, నొప్పి బిళ్ల

మా చెల్లెలిని గట్టెక్కించింది బొప్పాయి ఆకు రసమేనని మా బంధువుల్లో ఎవరినడిగినా చెబుతారు. శుద్ధ అబద్ధం. మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉన్నదాన్ని నేను. ఆ రసం చేసిందల్లా దానికి వాంతులు తెప్పించడం.

ధర్మవరంలో మగ్గం నేసే మా చెల్లెలికి పిత్తాశయంలో రాళ్లు. నొప్పి లేచిందంటే ముడుచుకుపోయి ఏడ్చేది. ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. ఈలోగా పెనుకొండలో మా ఇంటికొచ్చి పుచ్చుపన్ను పీకించుకుంటే, రక్తం మరునాటికి గానీ ఆగలేదు. ఆ మాట వినగానే సర్జన్ ఆపరేషన్ ఆపేశాడు. కారణం తేలేదాకా కత్తి పట్టనన్నాడు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల సంఖ్య చూస్తే నిక్షేపంగా ఉంది. ఉంటే చాలదు, అవి పని చేస్తున్నాయో లేదో చూడాలన్నాడు.

డెంగీ జ్వరాలొచ్చినప్పటి నుంచి మా వాళ్లకు ప్లేట్‌లెట్లంటే పడిపోవడం, ఎక్కించడం, బొప్పాయి ఆకు దంచడం. పని చేయడమేమిటో ఎవరి బుర్రకూ ఎక్కలేదు.

"అవి తగ్గలేదప్పా. ఉండి కూడా పని చేయడం లేదేమోనని అనుమానం" అని చెల్లెలి మొగుడికి, మా మరిదికి చెప్పాను.

"మీ కాలేజీలో లెక్చరర్ల మాదిరా వదినా?"

"కాదు, మగ్గం కాడ కూచోని సెల్లు చూసే నీ మాదిరి."

ఆ పరీక్షకు రక్తం తాజాగా ఉండాలట. సీసాలో పంపితే కుదరదు, మనిషే పోవాలి. బెంగళూరు పోయాం. రక్తంలో పైకి తేరిన పసుపు నీటిలో ఒక్కో రసాయనం చుక్క వేస్తారు. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపు కడితే నీరు తేటపడి వెలుతురు దాటుతుంది, కంప్యూటర్ మీద గీత కదులుతుంది. మా చెల్లెలి గీతల్లో ఒకటి మొండిగా పడుకునే ఉంది.

"మందులేమైనా వాడుతున్నారా? కొన్ని మందుల వల్ల కూడా ఇలా వస్తుంది" అని అక్కడి డాక్టరమ్మ అడిగింది.

"ఏమీ లేవు మేడం" అంది చెల్లెలు. గుచ్చి గుచ్చి అడిగినా అదే మాట.

అయితే పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు, ఇంకా పరీక్షలు కావాలి, అప్పటిదాకా ఆపరేషన్ మాట ఎత్తొద్దు అంది ఆమె.

తిరుగు రైలెక్కాం. హిందూపురంలో ఇడ్లీ పొట్లాలు కొన్నాం. తినడం కాగానే చెల్లెలు కొంగు ముడి విప్పి ఒక తెల్ల బిళ్ల నోట్లో వేసుకుంది.

"ఏందే అది?"

"నడుం నొప్పి బిళ్లక్కా. దినామూ మింగేదే."

"మందుల్లేవని డాక్టరమ్మకు చెప్తివి కదే!"

"ఇది మందు యాడైతుంది? డాక్టరు రాసిచ్చిందా ఏమన్నానా? షాపులో ఇచ్చే బిళ్ల. మా వీధిలో అందురూ మింగుతారు."

రైలని కూడా చూడకుండా తిట్టాను. ఎదురు సీటు పెద్దాయనకు జాలేసింది. "పోనీలేమ్మా, ఆయమ్మకు తెలీదు."

"తెలీకనే కదప్పా తిడతాండేది!"

పెనుకొండ వస్తే నేను దిగలేదు. ధర్మవరం దాకా పోయి ఆ మందుల షాపులో షీటు తీయించి చూశాను. ఆస్పిరిన్. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె చెప్పింది: ఆ బిళ్ల తగిలిన ప్లేట్‌లెట్లు గుంపు కట్టలేవు, కొత్తవి పుట్టేదాకా ఆపి మళ్లీ రండి. ఆపిన ఆ కొద్ది రోజుల్లోనే చెల్లెలి అత్తగారు ఆకు రసం పట్టించింది. దానికొచ్చిన పేరంతా అక్కడిదే.

రెండోసారి ఆ గీత కదిలింది. మా వైపు తెర తిప్పి డాక్టరమ్మ నవ్వితే, చెల్లెలు నా చెయ్యి నొక్కిన నొక్కుడికి గాజు చిట్లింది. ఆపరేషన్ మామూలుగా జరిగింది. కట్టు విప్పితే గాయం పొడిగా ఉంది. ఇప్పుడది మగ్గం మీద కూర్చుని, నడుం నొప్పికి వేరే బిళ్ల డాక్టర్‌ని అడిగి తెచ్చుకుని, నా మీద మరిదికి చాడీలు చెబుతోంది. హాయిగా చెప్పుకోనీ.

కానీ ఆ వీధిలో నడుము పట్టేసిన వాళ్లు ఇంటికొకరున్నారు. మందులు వాడుతున్నారా అని ఎవరినడిగినా, అబద్ధమాడకుండానే లేదంటారు. "నొప్పొస్తే ఏం మింగుతావమ్మా?" అని అడగడం ఆసుపత్రుల్లో ఎప్పుడు నేర్చుకుంటారు?