దొర కొమ్ము కోసం మామిడిపల్లికి

మా ఆవిడ సుజాత పశువుల డాక్టరు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఏళ్లు పనిచేసింది. మామిడిపల్లిలో యాదయ్య, లక్ష్మమ్మ అనే గొర్రెల కాపరుల ఇంట్లో, తల్లి చచ్చిపోయిన ఒక పొట్టేలు పిల్లకు సీసాతో పాలు పట్టి బతికించింది. దానికి దొర అని పేరు పెట్టింది. పోయిన చలికాలం సుజాత పోయింది. ఈ వానాకాలంలో లక్ష్మమ్మ ఫోన్ చేసింది. "సారూ, దొర కొమ్ము మెలి తిరిగి దవడకు గుచ్చుకుంటున్నది. మేత నములుతలేడు. ఏటా డాక్టరమ్మనే కోస్తుండె." ఈ ప్రయాణం అలా మొదలైంది.

ఇంకో సంగతి కూడా ఉంది. సుజాతతో కలిసి రాజేంద్రనగర్‌లో చదివిన రేచల్ ముంబైలో ఉంటారు. ఆమె కూడా పశువుల డాక్టరే. యూదులు. వాళ్ల కొత్త సంవత్సరం ప్రార్థనలో పొట్టేలు కొమ్ము ఊదుతారు. దాన్ని షోఫార్ అంటారు. దొర కొమ్ము ఎప్పటికైనా నీదేనని సుజాత ఆమెకు మాట ఇచ్చింది. లక్ష్మమ్మ చెప్పింది చెబితే, కోయడానికి తనే వస్తానన్నారు. ఆ పండగ నెలరోజుల్లో ఉంది. సుజాత ఇచ్చిన మాట ఈసారి తీరాలని నాకు గట్టిగా ఉంది.

నేనుండే మహబూబ్‌నగర్‌లో తెల్లవారి బస్సెక్కితే, ఎక్కువ ఆగకపోతే రెండు గంటల్లో శంషాబాద్‌లో దిగవచ్చు. అక్కడ సాయంత్రం దాకా క్యాబ్ మాట్లాడుకున్నాను. రెండు వేల రెండు వందలు. విమానాశ్రయంలో విడిగా ఎక్కితే ఒక్కో వైపుకే బాగా తీసుకుంటారు. డ్రైవర్ ప్రవీణ్‌ది గగన్‌పహాడ్. విమానం దిగిన రేచల్ గారు బయటికి రావడం కొంచెం ఆలస్యమైంది. కొమ్ము కోసే తీగ రంపం చేతి సంచిలో రానివ్వరు కాబట్టి పెట్టెలో వేశారట, ఆ పెట్టె కోసం ఆగారు.

"బావగారూ, చిక్కిపోయారు," అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. నాకు తేలికగా అనిపించింది.

కారు శ్రీశైలం రోడ్డు వైపు తిరిగింది. రంపం, షోఫార్ మాటలు విని ప్రవీణ్ ఊరుకోలేదు. "మా చర్చిల గూడ పాస్టరయ్య ఊదుతడు మేడమ్, గింత పొడుగుది. ఎద్దు కొమ్ము నడవదా? మా తాన మస్తు దొరుకుతయ్."

"ఆవు, ఎద్దు కొమ్ము పనికిరాదు. మా పెద్దలు ఒప్పుకోరు. పొట్టేలుది మంచిది, మేకది అయినా సరే," అన్నారామె. హాస్టల్లో నేర్చుకున్న తెలుగు ఇంకా చెడలేదు.

"మరి జింకది?"

"అది అసలు కొమ్మే కాదు నాయనా. ఉత్త ఎముక. ఏటా రాలిపోయి మళ్లీ వస్తుంది. లోపల గట్టిగా ఉంటుంది, ఊదడానికి దారి ఉండదు. పొట్టేలుది అట్లా కాదు. లోపల ఎముక, పైన గోరు లాంటి తొడుగు. ఎముక తీసేస్తే తొడుగు బోలుగా మిగులుతుంది."

"అంటే గోరు ఊదుతున్నం అన్నట్టు," అన్నాడు ప్రవీణ్. "గిది పాస్టరయ్యకు చెప్పొద్దు. పరేషాన్ అయితడు."

రేచల్ గారు నవ్వారు. సుజాత ఉంటే ఇంకో గంట చెప్పేది.

యాదయ్య దొడ్డి ఊరి చివర ఉంది. విమానాలు నెత్తి మీదుగా దిగుతుంటే గొర్రెలు తల కూడా ఎత్తవు. దొర ఒక మూల నిలబడి ఉన్నాడు. ఎడమ కొమ్ము కొస దవడ మీద ఒత్తుకుని, అక్కడ వెంట్రుకలు ఊడి తోలు ఎర్రబడింది. లక్ష్మమ్మ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత భర్త మీద పడింది. "మనిషొస్తే నీళ్లిచ్చేది లేదు, గట్లనే చూస్తవేంది? నీకన్న దొర నయం, లేచి నిలబడ్డడు."

"వానికి నాలుగు కాళ్లున్నయి మరి," అన్నాడు యాదయ్య, చెంబు కోసం పోతూ.

రేచల్ గారు దొర పక్కన కూర్చుని కొమ్మును మొదలు నుంచి కొస దాకా తడిమారు. తర్వాత నా చేయి పట్టుకుని దాని మీద పెట్టారు. మొదలు దగ్గర వెచ్చగా ఉంది. చేతిని జరిపించారు. ఇంకా వెచ్చగానే ఉంది. ఒక చోట దాటాక చల్లగా తగిలింది.

"వెచ్చగా ఉన్నంత మేర లోపల ఎముక, రక్తం ఉన్నాయి. చల్లనిది ఉత్త తొడుగు. అక్కడ కోస్తే వాడికి తెలియను కూడా తెలియదు."

"షోఫార్‌కు అది చాలుతుందా?"

"చాలదు. పిడికిట్లో పట్టుకుంటే అటూ ఇటూ బయటికి కనిపించాలి. అది మా లెక్క. చల్లనిది మూడు వేళ్ల మేరే ఉంది."

యాదయ్య చెంబు కింద పెట్టాడు. "పైకెల్లి కోసుకో అమ్మా. డాక్టరమ్మ నీకిస్తనన్నదంట గద. పసుపు అద్దుతం, మానుతది."

"మత్తు ఇంజెక్షన్ ఉందా?" అని నేను అడిగాను.

"ఉంది," అన్నారామె. "కోయచ్చు."

ఆమె మళ్లీ అరచేయి ఆ వెచ్చని చోట ఆనించి కొంతసేపు ఉంచారు.

"వయసు మీద పడ్డవాడు. వానలు, ఈగలు. పుండు పడితే పురుగు పడుతుంది. వద్దు బావగారూ."

"సుజాత మాట ఇచ్చింది," అన్నాను.

"ఇచ్చింది. ఎప్పటికైనా అంది, ఇప్పుడే అనలేదు. వాడు తన రోజులు బతికి పోయాక తీసుకుంటే మా పద్ధతికి తప్పేమీ లేదు. నేను ఆగుతాను."

యాదయ్య తల పట్టుకున్నాడు, నేను వీపు పట్టుకున్నాను. తీగ రంపం చల్లని చోట ఆడింది. గోరు కాలిన వాసన వచ్చింది. రక్తం చుక్క రాలేదు. ముక్కను ఆమె పిడికిట్లో పెట్టుకుని చూపించారు. అటూ ఇటూ ఏమీ కనిపించలేదు.

"కొమ్ము మొదలు నుంచి పెరుగుతుంది," అంటూ నాకిచ్చారు. "కొస పాతది. ఇది సుజాత ఉన్నప్పుడు పెరిగింది."

దొర తల విదిలించాడు. దవడ అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు. లక్ష్మమ్మ పల్లికట్టె, అంటే ఎండిన వేరుశనగ తీగల మేత, వేస్తే నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాడు. "ఇగ ఏటా నువ్వే రావాలె అమ్మా," అంది లక్ష్మమ్మ. రేచల్ గారు వస్తానన్నారు. జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టి పంపించారు. సాయంత్రం విమానానికి ఆమెను దింపి బస్సెక్కాను.

మాట చెల్లించి తిరిగి వద్దామని వెళ్లాను. అది చెల్లలేదు. ఇంకా కొన్నేళ్లు చెల్లకపోయినా నాకు ఇబ్బంది లేదు. వచ్చే వానాకాలం మామిడిపల్లి వెళ్లే పని ఒకటి ఉంది. సుజాత పోయాక నేను ముందుకు చూసి అనుకున్న పని ఇదే మొదటిది.

కొమ్ము కోసం ఇటు వచ్చేవాళ్లకు ఒక సూచన. విడిగా కొంటే నిలువు పగులు లేకుండా వెలుతురులో పెట్టి చూసుకోండి. బతికున్న పొట్టేలు దగ్గరికి వెళ్తే మాత్రం, రంపం తీయకముందు అరచేయి ఆనించండి. వెచ్చగా ఉన్నంత మేర అది ఇంకా దానిదే.