బొటనవేలు ఒత్తితే దుంకినవాడు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా వాడలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండి అనే రకాన్ని. ఇప్పుడు మాక్లూర్ దగ్గర ఒక బడిలో పిల్లలకు సైన్సు చెప్తున్నాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ బయట ఎక్కడా చెప్పలేదు. చెప్తే నా క్లాసు పిల్లలే నన్ను ఆట పట్టిస్తారు. కానీ నోరు మూసుకుని కూర్చుంటే మేలు మరిచినదాన్ని అవుతానని ఈ మధ్య గట్టిగా అనిపిస్తోంది.

మాది బోధన్. తొంభైల చివర్లో నేను పదో తరగతి. అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం. అవ్వ ఇంట్లోనే బీడీలు చుట్టేది. అక్కకు పెళ్లయింది గానీ బావ దుబాయిలో ఉండటంతో అక్క మా దగ్గరే ఉండేది.

చెరుకు సీజన్లో ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు మా రోడ్డు మీద బారులు తీరి ఉంటాయి. వాటి వెనక ఉరికి ఒక్క గడైనా గుంజుకోని పిల్లలు మా ఊళ్లో ఉండరు. పదో తరగతికి వచ్చిన పిల్లను, నాకు ఆ వేషాలు మానే బుద్ధి ఉండాల్సింది. లేదు. గుంజాను. గడ రాలేదు. లోడుకు కట్టిన ఇనుప తాడులో నా కుడి బొటనవేలు ఇరుక్కుంది, ట్రాక్టర్ పోతూనే ఉంది. మిగతాది చెప్పను.

నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తెగిన నరం కలిపారు. వేలు నిలిచింది. కట్టు విప్పాక చూస్తే వంగదు. పుల్ల గుచ్చినట్టు నిటారుగా ఉంది. రోజూ వంచుతూ ఉండమని, ఊరికే వదిలేస్తే జీవితాంతం అట్లాగే ఉండిపోతుందని డాక్టర్ చెప్పాడు. చెప్పడం సులువే. కాస్త వంచబోతే మోచేయి దాకా మంట లేచేది. రెండుసార్లు ఏడ్చి, మూడోసారి మానేసేదాన్ని.

మార్చిలో పరీక్షలు. పెన్ను పట్టలేను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్ని పక్కన కూర్చోబెట్టి రాయిద్దామని హెడ్మాస్టర్ అన్నారు. నా లెక్కలు ఇంకో పిల్ల రాయడమేంటని నాకు పట్టరాని కోపం వచ్చింది. పోనీ చదువు మానేసి అవ్వ పక్కన కూర్చుందామన్నా, ఆకు మడిచి చుట్టడానికి కూడా ఆ వేలే కావాలి. పదిహేనేళ్లకే దేనికీ పనికిరాకుండా పోయాననుకున్నాను. అవ్వ కూడా అదే అనుకుందని ఆమె నా చేతి వైపు చూడకపోవడంలో తెలిసేది.

నా సంగతి విని బావ, ఊరికి వస్తున్న ఒక మనిషి చేత వీడియో గేమ్ పంపించాడు. టీవీ అక్కర్లేదు, చేతిలో పట్టుకుని ఆడుకునేది. అది ఇంటికి చేరేసరికి నేనింకా ఆసుపత్రిలోనే ఉన్నాను. అవ్వకు అదేంటో తెలియదు, ఖరీదైన వస్తువని మాత్రం తెలుసు. చలికాలం పొడిగాలికి తునికాకు పెళుసెక్కి పగులుతుందని బీడీలు చుట్టేవాళ్లు ఆకు కట్టల్ని తడి గోనెసంచిలో పెడతారు. అవ్వ తనకు తెలిసిన జాగ్రత్తే తీసుకుంది. ఆ గేమును ఆకు కట్టల మధ్యన తడి గోనెలో ఐదు రోజులు దాచింది.

నేను వచ్చి చూస్తే అద్దం లోపలంతా చెమ్మ.

"పగుల్తదేమోనని పెట్టిన బిడ్డా" అంది. అక్క దాన్ని నాలుగు రోజులు ఎండలో పెట్టింది. తర్వాత సెల్లులు వేసి స్విచ్ నొక్కితే పాట వచ్చింది. గండం గడిచిందనుకున్నాం.

ఆ ఆట నాకు కొత్త కాదు. నిజామాబాద్‌లో మా చిన్నమ్మ వాళ్ల ఇంటి పక్కన టీవీకి తగిలించి ఆడించే దుకాణంలో దాన్ని రంగుల్లో చూశాను. ఒక పొట్టి మనిషి దుంకుతూ, కాలుస్తూ కోట ఎక్కుతాడు. జనానికి బాగా నచ్చి, దానికి వరసగా భాగాలు తీశారట. మా చేతికి వచ్చింది అరచేతికి సరిపడా కుదించినది. రంగులు లేవు, పచ్చటి అద్దం మీద నల్ల బొమ్మలు. టీవీలో అద్దమంతా నిండే రాక్షసుడికి ఇందులో చోటు చాలక తలకాయ ఒక్కటే పెట్టారు. పాటేమో దోమ పాడినట్టు ఉండేది. అయినా ఆ పొట్టివాడు మాత్రం అచ్చం వాడే.

ఎడమ బొటనవేలితో వాణ్ని నడిపించాలి. కుడివైపు రెండు గుండీలు. ఒకటి కాల్చడానికి, ఒకటి దుంకడానికి. కాల్చేది చూపుడువేలితో కొట్టుకున్నా, దుంకేది మాత్రం ఆ మొండి బొటనవేలితోనే ఒత్తాలని పంతం పట్టాను.

మొదటి రోజు వేలు వంగనే లేదు. గుండీ మీద ఆనించి, పళ్లు బిగబట్టి, ఒత్తాలని అనుకున్నానంతే. వేలు కొద్దిగా వణికింది. అద్దంలో వాడు ఇంత ఎత్తున, ఒక చిన్న గెంతు గెంతాడు. నేను అరిచిన అరుపుకు అవ్వ ఒడిలోని బీడీల చాట పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆ వేలు చెప్పిన మాట వినడం అదే మొదటిసారి.

ఆ ఆటలో గుండీ ఎంత ఒత్తితే వాడు అంత ఎత్తు లేస్తాడు. నా వేలు కొంచెం వంగిన రోజు కొంచెం లేచేవాడు, ఇంకాస్త వంగిన రోజు ఇంకాస్త. మూడో అంచెలో ఒక పెద్ద గుంట ఉంది. వేలు పూర్తిగా వంగితే తప్ప అది దాటలేడు. డాక్టర్ మాటకు వంచని వేలును ఆ గుంట కోసం వంచాను. బడి నుంచి వచ్చి, అవ్వ పక్కన కూర్చుని, దీపాలు పెట్టే వేళ దాకా అదే పని. మంట పుట్టేది, కళ్లల్లో నీళ్లు వచ్చేవి, అయినా వాడు లేచాడు కదా అని మళ్లీ ఒత్తేదాన్ని.

ఒక్కటే విచిత్రం. నాకు తప్ప ఎవరికీ దుంకేవాడు కాదు. అక్క ఎన్నిసార్లు ఆడినా నడిచిపోయి నేరుగా మొదటి గుంటలోనే పడేవాడు.

"ఇది దుంకుతలేదే, గుండీ ఖరాబైంది" అనేది అక్క.

"గుండీ కాదు, నీకే ఆడరాదు" అని వెక్కిరించి లాక్కునేదాన్ని. నా చేతిలోకి రాగానే దుంకేవాడు. నేను చూపుడువేలితో ఒత్తినా దుంకేవాడు కాదు. గుండీని ఆ పక్క నుంచే ఒత్తాలేమో అనుకున్నాను. అప్పుడు అంతకన్నా ఆలోచించలేదు.

సంక్రాంతి వెళ్లిన పదిహేను రోజులకు పెన్ను పట్టాను. అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయి, కానీ నావి. ఫిబ్రవరి ఆఖర్లో ఆ పెద్ద గుంట దాటాను. మార్చిలో నా పరీక్షలు, లెక్కలతో సహా, నేనే రాసుకున్నాను. చివరి రోజు హాలు బయట అవ్వ నా చేయి పట్టుకుని, బొటనవేలును వంచి చూసి, చాపి చూసి, మళ్లీ వంచి చూసింది.

పరీక్షలయ్యాక గేములో పాట ఆగిపోయింది. డాక్టర్‌కు చివరిసారి చూపించుకోవడానికి నిజామాబాద్ వెళ్లిన రోజు, బస్టాండ్ దగ్గర టేప్ రికార్డర్లు బాగు చేసే ఆయన దగ్గరికి దాన్ని కూడా తీసుకెళ్లాం. మధ్యాహ్నం. నేను, అవ్వ, ఆయన, అంతే. ఆయన వెనక మరలు విప్పి, ఊడిన తీగ అతికించి, మూయబోయి ఆగాడు.

"ఇండ్ల నీళ్లు వోయినయా?"

అవ్వ తల దించుకుంది. ఆయన లోపలి పలక నా ముందుకు జరిపాడు. దుంకే గుండీ కింద ఉండాల్సిన రాగి గీతలు లేవు. చిలుము పట్టి, తినేసి, ఒట్టి పలకే మిగిలింది. ఆ చిలుము కూడా ఎండి పొడై ఉంది.

"గీ గుండీ పనిజెయ్యది చెల్లె. ఇది పోయి శాన నెలలైంది."

నాకు నవ్వొచ్చింది. "మొన్నటి దాక నేను ఆడిన అన్నా" అన్నాను.

ఆయన దాన్ని మూసి, సెల్లులు వేసి, తను ఒత్తి చూపించాడు. వాడు దుంకలేదు. నా చేతికిచ్చాడు. బొటనవేలు పెట్టి, రెండు కణుపులూ వంచి, గుండీ అడుగు తగిలేదాకా ఒత్తాను. వాడు నడుచుకుంటూ వెళ్లి మొదటి గుంటలో పడ్డాడు. నా బొటనవేలు ఒత్తినా దుంకకపోవడం అదే మొదలు. నాలుగైదుసార్లు ఒత్తి చూశాను. అన్నిసార్లూ పడ్డాడు.

ఆయన రెండు సన్నటి తీగలు అతికించి ఆ గుండీ బాగుచేశాడు. అప్పటి నుంచి ఎవరు ఒత్తినా వాడు దుంకాడు. అక్క కూడా వాణ్ని కోట ఎక్కించి, నన్ను తిరిగి వెక్కిరించింది. బస్సులో అవ్వ "ఎవరైతేనేం, మంచోళ్లే" అంది.

సైన్సు టీచర్‌ను కాబట్టి నేను ఊరుకోలేదు. తర్వాత నాతో పనిచేసే సార్లను అడిగాను. చెమ్మ ఉన్నన్నాళ్లు దాని గుండా కరెంటు పారి ఉంటుందని ఒకరన్నారు. ఆ చెమ్మ నాలుగు రోజుల ఎండలో ఆరిపోయింది, నేను ఆడింది మూడు నెలలకు పైగా. నీ వేలి చెమటేమో అని ఇంకొకరన్నారు. నా వేలికీ ఆ పలకకూ మధ్యన ప్లాస్టిక్ గుండీ ఉంది. పైగా అక్కకూ చెమట పడుతుంది. ఇంతకు మించి ఎవరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను.

నాకు తెలిసింది ఇంతే. ఆ మొదటి రోజు వాడు గెంతకపోయి ఉంటే నేను గేమును మూలకు విసిరేసేదాన్ని, వేలునూ వదిలేసేదాన్ని. ఎవరో, ఏదో, నా వేలు తన పని తాను చేసుకునేదాకా నా బదులు ఒత్తారు. వేలికి పని రాగానే వెళ్లిపోయారు. వెళ్తున్నట్టు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. వాళ్లు ఒత్తుతున్నారని తెలియక, ఆ మూడు నెలలూ మెచ్చుకోళ్లన్నీ నేనే తీసుకున్నాను.