కాళ్ళ కింద బేసిను

నా చిన్నప్పుడు, డెబ్బైల చివర్లో, మా నాన్న అరిజోనా ఎడారిలో నవాహో ఆదివాసులకి కేటాయించిన రిజర్వేషన్ ప్రాంతపు ఆసుపత్రిలో డాక్టరు. మాకిచ్చిన క్వార్టర్స్‌లో ఎటు చూసినా కుళాయిలే. ఇంటిముందు గడ్డికి స్ప్రింక్లర్ తిరుగుతూ ఉండేది. చుట్టూ ఎర్రమట్టి తప్ప ఇంకేమీ లేనిచోట ఆ పచ్చగడ్డంటే మా అమ్మకి మహా గర్వం.

ఆసుపత్రిలో నవాహో మాటలు నాన్నకి ఇంగ్లీషులో చెప్పే అక్క ఒకామె ఉండేది. వాళ్ళ అమ్మమ్మకి నాన్న జబ్బు నయం చేశారని, ఒక ఆదివారం మమ్మల్ని వాళ్ళింటికి భోజనానికి పిలిచింది. మట్టిరోడ్డు మీద చాలాసేపు వెళ్ళాక ఒంటరిగా ఒక ఇల్లు, పక్కన గొర్రెల దొడ్డి. గుమ్మం దగ్గర నీళ్ళ పీపా, దానిమీద ఒక డబ్బా.

ఇక మా అమ్మ ఊరుకుంటుందా! దుమ్ముకాళ్ళతో ఒకరి గడప తొక్కడమంటే ఆ ఇంటిని అవమానించడమే ఆవిడ లెక్కలో. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ముంచి ముంచి కాళ్ళు కడుక్కుంది. మొహం కడుక్కుని పుక్కిలించింది. నాన్న చేతా కడిగించింది. నీళ్ళన్నీ మట్టిలో ఇంకిపోయాయి. అక్క ఏదో చెప్పబోతే, గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ అమ్మమ్మ తన భాషలో గట్టిగా ఒక్క మాటంది. అక్క ఆగిపోయింది.

నా వంతు వచ్చేసరికి పెద్దావిడ లోపల్నుంచి బేసిను తెచ్చి నా కాళ్ళ కింద పెట్టింది. కూర్చుని, తన చేతులతోనే నా కాళ్ళు కడిగింది. అంత వయసావిడ నా కాళ్ళు పట్టుకోవడమేమిటని నేను బిగుసుకుపోయాను. అమ్మ మాత్రం మురిసిపోయి, "చూశారా, మన పిల్లకి కొత్తల్లుడికి చేసినట్టు చేస్తోందండీ!" అంది నాన్నతో.

లోపలికి వెళ్తూ వెనక్కి చూశాను. ఆవిడ బేసిను తొణక్కుండా మోసుకెళ్ళి గొర్రెల తొట్టిలో పోసింది. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

భోజనమయ్యాక గిన్నెలు కడుగుతానని అమ్మ పీపా దగ్గరికి లేచింది. ఇక అక్క ఉండబట్టలేకపోయింది.

"డాక్టర్, ఆ నీళ్ళు దూరంగా ఉన్న బావి నుంచి పికప్ ట్రక్కులో తెచ్చుకోవాలి. ఇప్పుడు పికప్ పాడైంది. మా మావయ్య బాగుచేయించి తెచ్చేదాకా అమ్మమ్మకీ, గొర్రెలకీ అవే. ఇందాకే చెబుదామంటే, ఇంటికొచ్చినవాళ్ళని సిగ్గుపెట్టొద్దంది అమ్మమ్మ."

నాన్న అది తెలుగులో చెప్తుంటే అమ్మ మొహం నల్లబడిపోయింది. పెద్దావిడ ఏమీ జరగనట్టు ఇంకో రొట్టె అమ్మ చేతిలో పెట్టింది.

ఇంటికి తిరిగొచ్చాం. ఇంటిముందు స్ప్రింక్లర్ తిరుగుతోంది. సగం నీళ్ళు రోడ్డు మీదే పడుతున్నాయి. అమ్మ తడుస్తూనే వెళ్ళి కుళాయి కట్టేసి, అక్కడే నిలబడి ఏడ్చింది. ఆ సాయంత్రమే దొరికిన క్యాన్లన్నీ నింపుకుని మళ్ళీ వెళ్ళాం. నాన్న నీళ్ళు పీపాలో పోసి వచ్చారు. అమ్మ కారు దిగలేకపోయింది.

ఇప్పుడు ఫ్రీమాంట్‌లో మా ఇంట్లో నేను బేసిను పెట్టుకునే కాళ్ళు కడుక్కుంటాను. ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోస్తాను. వాటర్ బిల్లు కోసమేనని మా మనవరాలు ఏడిపిస్తుంది. ఆ పెద్దావిడ ఆ రోజు నాలుగు తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. కానీ నా పాదాలు పట్టుకున్న ఆ చేతుల్లో కాస్తయినా కోపం లేదు. అందుకే ఈ వయసులోనూ, కాళ్ళమీద నీళ్ళు పడ్డప్పుడల్లా నా తల వంగిపోతుంది.