రిజిస్ట్రీకి ముందే పొంగిన పాలు

ఇల్లు అమ్మేవాళ్లకి నేను చెప్పే సలహా ఒక్కటే. రిజిస్ట్రీ, అంటే మన రిజిస్ట్రేషనే, అయ్యేదాకా మీ వంటింట్లో ఇంకొకరి పాలు పొంగనివ్వకండి. ఈ మాట చెప్పే అర్హత నాకుందా అని మాత్రం అడక్కండి. పొంగనిచ్చింది నేనే.

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా నాలుగో అంతస్తు ఫ్లాటు అమ్మకానికి పెట్టింది మా ఆయన మోకాళ్ల వల్ల. లిఫ్టు వారంలో మూడు రోజులు కదిలేది, మిగతా రోజుల్లో దాని తలుపు మీద క్షమాపణల కాగితం అంటించి ఉండేది. పక్కనే ఉన్న వైశాలిలో మెట్రోకి నడిచి వెళ్లేంత దూరంలో కింది అంతస్తు ఇల్లొకటి దొరికింది. అమ్మేది రిటైరైన పంజాబీ టీచరమ్మ. కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. జులై ఆఖరుదాకా మాకోసం ఆగుతానంది, ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆగనంది. మాది అమ్ముడైతే తప్ప అది కొనలేం.

మాది కొనడానికొచ్చిన జంటది కరీంనగర్ వైపు. ఇద్దరికీ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. ఆ అమ్మాయికి నాలుగో నెల. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మా ప్రకటన చూసి వచ్చారు. మనవాళ్లే కదా, మధ్యలో డీలర్ ఎందుకు అనుకున్నాం. ఆ 'మనవాళ్లే కదా' దగ్గరే మొదటి తప్పు జరిగింది. డీలర్ ఉంటే కమిషన్‌తో పాటు మొహమాటాన్ని కూడా వాడే తీసుకుపోయేవాడు.

ఒప్పందం మాత్రం నేనే గట్టిగా రాయించాను. జులై ఆఖరులోగా రిజిస్ట్రీ కాకపోతే ఒప్పందం రద్దని ప్రత్యేకంగా పెట్టించాను. కాలనీలో ఎవరు ఇల్లు కొన్నా కాగితాల గురించి క్లాసు పీకేదాన్ని, నా కాగితంలో లొసుగు ఉండనిస్తానా?

జూన్ మొదటి వారంలో ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"ఆంటీ, ఒక్కటి అడుగుత. ఏమనుకోవద్దు."

"అనుకోవాలో వద్దో విన్నాక చెప్తాను."

"మా పంతులు పదకొండో తారీకు దాటితే ముహూర్తం లేదంటున్నడు. ఆషాఢం పోయేసరికి నాకు ఆరో నెల పడ్తది. అప్పుడు గృహప్రవేశం చెయ్యద్దట. మీరు ఒప్పుకుంటె జర పాలు పొంగిచ్చుకొని పోతం."

"మేమింకా ఇంట్లోనే ఉన్నాం కదమ్మా. గరిటె కూడా సర్దలేదు."

"మీరుంటె ఏమైతది ఆంటీ? మీరు గూడ మా పెద్దోళ్ల లెక్కనే."

ఆ 'పెద్దోళ్ల లెక్క' విన్నాక రమ్మనేశాను. మా ఆయనకి చెబితే పేపరులోంచి తల ఎత్తలేదు.

"కాగితం కదలందే ఇల్లు కదలకూడదని ఊరందరికీ చెప్పేది నువ్వేగా."

"కడుపుతో ఉన్న పిల్ల అడిగితే కాదనమంటారా?"

"నేనేమీ అనమనలేదు. నువ్వు కాదనలేని మనిషి కూడా ఒకరున్నారని ఇవాళ తెలిసింది, అంతే."

పదకొండో తారీఖు పొద్దున్న ఇంటర్‌కమ్ మోగింది. గేటు దగ్గరి గార్డు.

"మేడమ్, ఏక్ గాయ్ ఆయీ హై. కిస్‌కే ఘర్ భేజూఁ?"

వాళ్లెక్కడినుంచో ఆవుని మాట్లాడుకొచ్చారు. మా ఇంటికేనని చెప్పాను. ఫోన్ పెట్టాక, 'మా' అన్న మాట సరిగ్గానే అన్నానా అని అనుమానం వచ్చింది. ఆ ఆవు నాలుగంతస్తులు ఎక్కనంది. దాని పూజ కింద లిఫ్టు దగ్గరే కానిచ్చారు.

కొత్త గిన్నె వాళ్లది, స్టవ్ నాది. పాలు పొంగి గట్టు మీదుగా కారాయి. తూర్పుకే పొంగాయని వాళ్లంతా సంబరపడుతుంటే నా చెయ్యి అలవాటుగా గుడ్డ కోసం వెళ్లింది. వాళ్ల పెద్దమ్మ ఆపింది, ఇప్పుడే తుడవకూడదట. నన్ను నా సోఫాలోనే కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టారు. పక్కన కూర్చున్న ముసలావిడ పులిహోర తింటూ ఆప్యాయంగా అడిగింది.

"మీరెక్కడుంటరమ్మా?"

"ఇక్కడే" అన్నాను.

"దగ్గర్నే అన్నట్టు. మంచిదాయె, వస్తుండున్రి."

వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి వంటింటి మూల వెంకటేశ్వరస్వామి పటం వదిలి వెళ్లింది. పెట్టిన దేవుణ్ని తియ్యకూడదట. "పొద్దున ఒక్క దీపం పెట్టున్రి ఆంటీ" అంది. ఆ రోజునుంచి మా ఇంట్లో రెండు పూజలు. ముందు మా దేవుడికి పెట్టాలా, ఇంటివాళ్ల దేవుడికి పెట్టాలా? ఇంటివాళ్లెవరు? రోజుకో రకంగా పెట్టేదాన్ని.

జులై మొదట్లో వాళ్ల బ్యాంకు లాయరు మెలిక పెట్టాడు. మేము ఈ ఫ్లాటు బిల్డరు దగ్గర కాదు, మొదటి ఓనరు దగ్గర కొన్నాం. ఆ మొదటి ఓనరుకి బిల్డరు ఇచ్చిన అలాట్‌మెంట్ లెటర్ అసలు ప్రతి కావాలన్నాడు. బీరువా అంతా కింద పోశాం. దొరికింది జిరాక్సు. మేము కొన్న రోజున అది జిరాక్సని నేను చూసుకోలేదు. ఫైలు లావుగా ఉందని తృప్తిపడ్డాను. కొనేవాళ్లారా, ఫైలు లావు చూడకండి. మీకంటే ముందు కొన్నవాళ్ల కాగితాలు కూడా ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి, సిరా వెనక్కి దిగిందో లేదో చూసి తీసుకోండి.

లెటర్ పోయిందని పోలీసు స్టేషన్‌లో రిపోర్టు ఇవ్వాలి, పేపర్లో ప్రకటన వెయ్యాలి, అభ్యంతరాలు వస్తాయేమోనని ఆగాలి. ఈలోగా జులై అయిపోవచ్చింది. సరిగ్గా అప్పుడే మా బ్లాకులో మూడో అంతస్తు వ్యాపారి వచ్చాడు. కొడుకు కోసం మా ఫ్లాటు కావాలట. లోన్ అక్కర్లేదు కాబట్టి ఆ లెటర్‌తోనూ పనిలేదు. వారంలో రిజిస్ట్రీ చేయించుకుంటానన్నాడు.

"రూలు రాసింది నువ్వే. గడువు దాటితే రద్దని" అన్నారు మా ఆయన. "వైశాలి ఆవిడ పొద్దున్న కూడా ఫోన్ చేసింది."

"లెటర్ లేనిది మన ఫైల్లో."

"లోన్ కావాల్సింది వాళ్లకి."

"పాలు పొంగిన ఇల్లు ఇంకొకరికెలా అమ్ముతామండీ?"

"పొంగిన పాలకి స్టాంపు డ్యూటీ కట్టారా?"

ఆయన అన్నది న్యాయమే. నేను అన్నదీ అన్యాయం కాదు. నాకు తెలిసి ఏ వాదనలోనూ రెండు పక్షాలూ నేనే వాదించలేదు, ఆ వారం అదే పని. ఒప్పందం రాసిన వకీలుకి ఫోన్ చేసి, గృహప్రవేశం చేసినవాళ్లకి ఏమైనా హక్కు వస్తుందా అని అడిగాను. "ఖాలీ దూధ్ సే కుఛ్ నహీఁ హోతా, మేడమ్" అన్నాడు. ఒట్టి పాలతో హక్కేమీ రాదట. ఊరట కలగాల్సింది పోయి ఒళ్లు మండింది. ఖాళీ పాలేమిటి?

మర్నాడు ఆ అమ్మాయే వచ్చింది. లిఫ్టు ఆ రోజు క్షమాపణల్లో ఉంది. నాలుగంతస్తులూ ఎక్కి, రొప్పుతూ నేరుగా వంటింట్లోకి నడిచింది.

"మూడో ఫ్లోర్ అంకుల్ సంగతి తెల్సింది ఆంటీ. వాళ్లకే ఇచ్చెయ్యిన్రి. మా బ్యాంకోళ్లు ఇంక ఇరవై దినాలంటున్నరు. మీ వైశాలి ఇల్లు పోగొట్టుకోవద్దు." పటం మీద చెయ్యి వేసింది.

నాకు కావలసిన మాటే ఆ పిల్ల నోటినుంచి వచ్చింది. ఊ అంటే చాలు.

"తీసుకెళ్లి ఎక్కడ పెడతావు?" అన్నాను.

"అద్దింట్ల."

"అద్దింట్లో పెట్టేదానివి ఇక్కడిదాకా ఎందుకు మోసుకొచ్చావు?"

"మరి ఏం చెయ్యాలె ఆంటీ? మీ అగ్రిమెంట్ల మీరే రాసిన్రు గద."

"రాశాను. ఆలస్యమైంది నా ఫైల్లో లెటర్ లేకే. అది ఎక్కడా రాయలేదు."

ఎందుకు అలా అన్నానో ఇప్పటికీ స్పష్టంగా చెప్పలేను. జాలి అంటే ఒప్పుకోను. ధర్మం అంటే మరీ పెద్ద మాట. ఆ పిల్ల వాదించకుండా ఒప్పేసుకోవడం నాకు నచ్చలేదేమో. పటం మీంచి చెయ్యి తియ్యమన్నాను. ఆ సాయంత్రమే గడువు పెంచుతూ ఇంకో కాగితం మీద సంతకాలు పెట్టాం.

ఆగస్టు మొదటి వారంలో వైశాలి ఇల్లు వేరేవాళ్లు కొనుక్కున్నారు. "మైనే తో పహలే హీ కహా థా, బేటా" అంది టీచరమ్మ. నిజమే, ముందే చెప్పింది. మా ఆయన పేపర్లో అద్దిళ్ల ప్రకటనలు చూడ్డం మొదలుపెట్టారు. నన్ను నాలుగు మాటలన్నా బాగుండేది, జవాబు చెప్పేదాన్ని. వైశాలిలోనే కింది అంతస్తు అద్దిల్లొకటి చూసుకున్నాం. ఖాళీ చేసేవాళ్లు ఇంకో వారంలో వెళతారని దాని ఓనరు మూడు వారాలనుంచి చెబుతున్నాడు.

ప్రకటనకి అభ్యంతరాలేవీ రాలేదు, బ్యాంకు ఒప్పుకుంది. నెలాఖరుకి గాజియాబాద్‌లో రిజిస్ట్రీ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట వకీలు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఖాళీలు పూరిస్తున్నాడు.

"పొజెషన్ కబ్ దియా?"

"ఇంకా ఇవ్వలేదు" అన్నాను హిందీలో.

"జూన్ గ్యారహ్" అంది ఆ అమ్మాయి అదే క్షణంలో, పాలు పొంగిన తారీఖు.

అతను నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. "పహలే ఆప్ దోనోఁ తయ్ కర్ లీజియే" అన్నాడు, ముందు మీరిద్దరూ తేల్చుకోండని. మా ఆయన గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. వాళ్లాయన ఫోన్‌లో ఏదో వెతుక్కున్నాడు. మేమిద్దరం ఏమీ తేల్చలేదు. చివరికి వకీలే విసుక్కుని, బ్యాంకువాళ్లు ఇవాళ్టి తేదీనే ఒప్పుకుంటారని అదే టైపు చేసేశాడు.

ఫోటోలు, వేలిముద్రలు అయ్యాక తాళాలు తీసి ఇవ్వబోయాను. ఆ అమ్మాయి తీసుకోలేదు.

"మీ సామాను పొయ్యేదాంక మీ దగ్గర్నే ఉంచుకోన్రి ఆంటీ. నేను ఈ పొట్టతోని ఎక్కడ తిరుగుత?"

ఇల్లు ఖాళీ చేసి అప్పగించామని పేజీ పేజీకీ సంతకం పెట్టాను. తాళాలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. వైశాలి అద్దింటి ఓనరుకి అక్కడినుంచే ఫోన్ చేశాను, ఎత్తలేదు.