వడియాల డబ్బాలో పార్కిన్

నా చిన్నప్పుడు నేను బెంగపెట్టుకున్న ఊరు మావాళ్లెవరిదీ కాదు. మా అమ్మా నాన్నా తెనాలి తలుచుకుని నిట్టూర్చేవారు. నేను ఇంగ్లండులో, లాంకషైర్‌లోని ఒక చిన్న వానల ఊరిని తలుచుకుని ఏడ్చేదాన్ని. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నప్పుడు పుట్టాను. నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆయనకు సిడ్నీలో ఉద్యోగం దొరికింది, సామానుతో పాటు నన్నూ తెచ్చేశారు.

లాంకషైర్‌లో మా కిటికీలోంచి పెండిల్ హిల్ అనే పెద్ద కొండ కనిపించేది. సిడ్నీలో నాన్న అద్దెకు తీసుకున్న ఇల్లున్న పేట పేరు కూడా పెండిల్ హిల్లే. "చూశావా, నీ కొండని కూడా తెప్పించాను," అన్నారు గర్వంగా. నేను ఇంటిచుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. ఎప్పుడో ఓడెక్కి వచ్చినవాళ్లెవరో బరువెందుకని కొండని అక్కడే వదిలేసి, పేరొక్కటే తెచ్చుకున్నట్టున్నారు.

తిండి విషయమూ అంతే. కొట్లో పేర్లన్నీ ఉండేవి, రుచులే ఉండేవి కావు. ఇక్కడి చాక్లెట్టు ఎండకు కరగకుండా చేస్తారో ఏమో, నోట్లో కూడా కరగనని మొండికేసేది. మధ్యలో తెల్లటి క్రీమున్న బిస్కెట్లు, ఉప్పూ వెనిగర్‌తో నాలుక చుర్రుమనిపించే చిప్సు, వెన్న ఇంకిపోయే చిల్లుల రొట్టె, దేని కోసం మారాం చేసినా నాన్న దానికి దగ్గరగా ఉన్నదేదో తెచ్చి, "అదే తల్లీ ఇది, కాగితం మార్చారంతే," అనేవారు. అమ్మయితే ఇంకా సూటిగా చెప్పేది. "గోంగూర దొరక్క నేను ఏడవాలి గానీ, నీకు ఇంగ్లీషోళ్ల తిండి మీద బెంగేవిటే!" ఆవిడ బెంగ ముందు నాది అద్దె బెంగలా కనిపించేది కాబోలు.

అన్నిటికన్నా ఎక్కువగా నేను కోరుకున్నది పార్కిన్. అల్లం ఘాటుతో, నల్లటి పాకంతో చేసే ముదురు గోధుమరంగు కేకు అది. నవంబరులో చలిమంటలేసి టపాకాయలు కాల్చే రాత్రి అక్కడి పక్కింటి బామ్మ తలా ఒక ముక్క చేతిలో పెట్టేది. సిడ్నీలో దాని పేరు చెబితే కొట్టతను బండి ఎక్కడ పెట్టుకోవాలో చూపించాడు.

ఇక బడి. అక్కడ నేను ఒక వింత జంతువుని. నోరు తెరిస్తే పామీని, నోరు మూస్తే ఇండియన్ని. పామీ అంటే ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లని ఇక్కడ ఏడిపించే మాట. నా వెనక బెంచీలో ముఖం నిండా మచ్చలున్న ఒక పిల్ల కూర్చునేది. నేను లాంకషైర్ నుంచి వచ్చానంటే అది పగలబడి నవ్వి, "నో యూ డింట్! అబద్ధం! సూర్యుడే ఉండని దేశంలో నీకా రంగెలా వచ్చింది?" అంది. క్లాసంతా నవ్వింది. అదే వారం మా టీచరు, వచ్చే వారం శుక్రవారం అందరూ తమ తమ ఊరి తినుబండారం ఒకటి తేవాలని చెప్పింది.

నా ప్రాణం లేచివచ్చింది. పార్కిన్ పట్టుకెళ్లి బల్ల మీద పెడితే ఇక నన్నెవరూ అబద్ధాలకోరు అనలేరు. ఇంటికెళ్లి చెప్పాను. "పులిహోర చేసిస్తాలే," అంది అమ్మ. పులిహోరతో వెళితే ఆ పిల్ల గెలిచినట్టేనని అమ్మకి ఎలా చెప్పాలో తెలియక, వంటింటి గుమ్మంలో కూలబడి ఏడ్చాను.

అప్పుడు మా నాయనమ్మ మాతోనే ఉంది. నాలుగు నెలలుండి వెళదామని తెనాలి నుంచి వచ్చింది. ఆవిడకి లాంకషైర్ తెలియదు, కేకు ఏనాడూ తినలేదు, గుడ్డు పేరు చెబితే రెండడుగులు వెనక్కి వేసేది. ఆవిడే వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడింది. అదే వద్దని గానీ, మన మిఠాయిలు ఇంకా బాగుంటాయని గానీ అనలేదు.

"ఏడుపాపి ముందిది చెప్పు. అది చేతికి అంటుకుంటుందా, అంటుకోదా?"

నేను ఏడుపాపి వేళ్లకేసి చూసుకున్నాను. "స్టికీగా ఉంటుంది. నాక్కోవాలి."

"నాలిక్కి ముందు తీపి తగులుతుందా, ఘాటా?"

"స్వీట్ ఫస్ట్. దెన్ గొంతులో మంట."

"పంటికింద రవ్వలా ఉంటుందా, పిండిలానా?"

ఒక్కొక్క ప్రశ్నకీ నేను కళ్లు మూసుకుని ఆ చలిమంట దగ్గరికి వెళ్లి, చూసి, తిరిగొచ్చి జవాబు చెప్పాను. సిడ్నీకి వచ్చాక నా ఊరి గురించి నన్ను ఎవరైనా అన్ని ప్రశ్నలడగడం అదే మొదలు. చీకటి పడేసరికి నా బెంగ కాస్తా వంటగా మారిపోయింది.

ఆదివారం ప్రయోగం మొదలైంది. ఓట్సుని మిక్సీలో బొంబాయి రవ్వలా పట్టించింది నాయనమ్మ. నాన్న ట్రీకిల్ అనే నల్లటి పాకం డబ్బా తెస్తే వాసన చూసి, "ఇది మన తాటిబెల్లానికి చెల్లెలే," అని చుట్టరికం కలిపేసింది. అల్లానికి బదులు, తన దగ్గుకోసం మూటగట్టి తెచ్చుకున్న శొంఠి. వెన్నకి బదులు నెయ్యి, గుడ్డుకి బదులు పాలు. నేను వద్దంటున్నా వినకుండా నాలుగు ఏలక్కాయలు దంచి పడేసింది. మా అమ్మ లెక్కలో అవెన్ అంటే మూకుళ్లు దాచుకునే ఇనప్పెట్టె. ముందు వాటన్నిటినీ బయటికి తీశాం. మంట కనపడని పొయ్యిని నమ్మలేక నాయనమ్మ మాటిమాటికీ తలుపు తీసి చూసింది.

చివరికి బయటికొచ్చింది కేకు కాదు, ఇటుక. అంటుకోవడం మాట దేవుడెరుగు, నాన్న చాకు కూడా దిగలేదు. "వైద్యుణ్ణి గానీ తాపీమేస్త్రీని కాదమ్మా," అన్నారు ఆయన. నేను మాత్రం నవ్వలేకపోయాను.

"ఇట్స్ రాంగ్, నాయనమ్మా! ఇట్స్ ఆల్ రాంగ్!"

నాయనమ్మకి ఇంగ్లీషు రాదు గానీ రాంగంటే తెలుసు. నా కళ్లల్లోకి చూసి, ఏమాత్రం తడుముకోకుండా అంది. "రాంగో రైటో శుక్రవారం చూద్దాం. ఆవకాయ కలిపిన పూటే తినేస్తావుటే, పిచ్చిమొహమా? మూడోనాడు తిరగెయ్యాలా, వద్దా? ఇదీ అంతే. ఊరాలి."

అమ్మ వడియాలు దాచుకునే బిస్కెట్ల డబ్బా ఒకటుండేది. మూత మీద గుర్రబ్బండి బొమ్మ. లాంకషైర్ నుంచి మాతో వచ్చిందే. నాయనమ్మ వడియాలు తీసేసి, ఇటుకని అందులో పెట్టి, బిగించి, పచ్చడి జాడీల మధ్య కూర్చోబెట్టింది. "మధ్యలో మూత తీశావో, చెడుతుంది."

ఆ వారమంతా నేను అలమర ముందే తచ్చాడాను. ఊరు మారినవాళ్లెవరైనా కొత్త ఊళ్లో కొన్నాళ్లు ఊరాలేమోనని ఆ తర్వాతెప్పుడో నాకు తోచింది. నేను తప్ప ఈ మాటకి ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు.

శుక్రవారం పొద్దున్నే నాయనమ్మ మూత తీసింది. ముందు తానే వేలితో నొక్కి, ఎందుకో గట్టిగా ఊపిరి వదిలింది. వేలు దిగింది. తీస్తే అంటుకుంది. నేను నాకి చూశాను. తీపి, ఆపైన గొంతులో మంట. పూర్తిగా అదేనా అంటే కాదు. కానీ రెండో ముక్క తీసుకున్నాను.

బడిలో బల్ల మీద కొబ్బరిపొడి అద్దిన కేకులు, రంగు గుళికలు చల్లిన బ్రెడ్డు ముక్కలు, వాటి పక్కన మా గుర్రబ్బండి డబ్బా. మచ్చల పిల్ల తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఒక ముక్క కొరికి, వేళ్లు నాక్కుని, "వాట్ ఈజ్ ఇట్? ఇండియన్‌దా, పామీదా?" అంది.

వారం రోజులు వల్లెవేసిన జవాబు నాలుక చివరే ఉంది. కానీ నోట్లోంచి వచ్చింది వేరొకటి. "ఇట్స్ మై నాన్స్." మా నాయనమ్మది, అని.

ఆ పిల్ల డబ్బాలోకి తొంగిచూసింది. "మా నాన్ ఏమీ చెయ్యదు. రేడియోలో గుర్రప్పందేలు వింటుందంతే," అని దిగులుగా చెప్పి ఇంకో ముక్క తీసుకుంది. మళ్లీ నా రంగు సంగతి ఎత్తలేదు. ఎత్తినా, ఆ రోజు తర్వాత నా దగ్గర జవాబుంది.

చాలా ఏళ్ల తర్వాత తెనాలి వెళ్లినప్పుడు, అది శుక్రవారానికి మెత్తబడుతుందని నీకెలా తెలుసని నాయనమ్మని అడిగాను. నిజానికి లాంకషైర్‌లో కూడా పార్కిన్‌ని అలాగే డబ్బాలో దాచి, మెత్తబడ్డాకే తింటారని అప్పటికి నాకు తెలిసింది. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకేం తెలుసే! నీ ఏడుపాగాలని ఏదో అనేశాను. శుక్రవారం దాకా నా గుండెలు దడదడలాడాయి."

పెళ్లయ్యాక ఒకసారి లాంకషైర్ వెళ్లి, అసలు కొండని చూస్తూ అసలు పార్కిన్ తిన్నాను. బాగుంది. కానీ ఏదో తగ్గింది. సగం తిన్నాక తెలిసింది, ఏలకులు.

ఇప్పుడు సూపర్‌మార్కెట్లో విదేశీ తిండికి ఒక వరుసే ఉంది. తెల్ల క్రీము బిస్కెట్లూ, గోంగూర పచ్చడి సీసాలూ పక్కపక్క అరల్లో ఉంటాయి. అమ్మ బెంగా నా బెంగా అలా భుజాలు రాసుకుంటుంటే ఒక నిమిషం ఆగి చూసి, పాల డబ్బా కొనుక్కుని వచ్చేస్తాను.

ఈమధ్యే మా అమ్మాయి వాళ్లు అడిలైడ్‌లోని మాసన్ లేక్స్ వదిలి, సిడ్నీలో, టూంగాబీ పేటలోని మా ఇంటి దగ్గరికి వచ్చేశారు. ఎనిమిదేళ్ల మనవరాలు మొన్న నా వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. అక్కడ దొరికే కప్ప ఆకారపు కేకు ఇక్కడ లేదట. నేను చేసిన కొబ్బరి లౌజు ప్లేటు పక్కకి నెట్టి, "ఇట్స్ నాట్ ద సేమ్, అమ్మమ్మా," అంది.

అదీ ఇదీ ఒకటేనని అనబోయి ఆగాను. పొయ్యి కట్టేసి, మోకాళ్లు ఒప్పుకోకపోయినా దాని పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఏడుపాపి ముందిది చెప్పు. కప్ప మీదుండే ఆకుపచ్చ పూత చేతికి అంటుకుంటుందా, అంటుకోదా?"

అది ఏడుపాపి, వేళ్లకేసి చూసుకుంటూ ఆలోచించడం మొదలుపెట్టింది.