దూలం వేసిన గోడ

శ్మశానం మూసేస్తున్నారన్న సంగతి మేస్త్రీకి అందరికన్నా ముందు తెలిసింది. ఎవరో చెప్పగా కాదు, పని రాగా తెలిసింది. కార్పొరేషన్ ఇంజినీరు పిలిచి, ఊరి నడుమ ఉన్న పాత శ్మశానానికి గేటు పీకేసి ఆ మేర ఇటుక గోడ కట్టాలన్నాడు. పై నెల ఒకటో తారీకు నించి అక్కడ ఎవరినీ పూడ్చకూడదు. ఒకటికల్లా గోడ లేచి ఉండాలి.

"ఇంక చోటు లేదయ్యా," అన్నాడు ఇంజినీరు. "వానొస్తే అక్కడి నీరు చుట్టుపక్కల బావుల్లోకి దిగుతోంది. కౌన్సిల్ తీర్మానించింది. కమిషనర్ సంతకం పెట్టాడు."

"గేటుకి తాళం వేస్తే సరిపోదా అండీ?"

"తాళానికి తాళంచెవి ఉంటుంది. చెవి ఉన్నచోటికి సిఫారసు వస్తుంది. గోడకి ఎవరొచ్చి ఏం చెప్పుకుంటారు?"

మేస్త్రీ తలూపాడు. ఎప్పుడూ తలూపుతాడు. కార్పొరేషన్ కట్టమన్నవి కట్టాడు, పడగొట్టమన్నవి పడగొట్టాడు. ఒకసారి తను కట్టిన మెట్లే రోడ్డు మీదికి వచ్చాయంటే తనే పలుగు పట్టాడు. ఇంటాయన గుమ్మంలో నిలబడి తిడుతుంటే, "మీరు నన్ను కాదండీ, చట్టాన్ని తిట్టండి, నాకు చెవులు నొప్పెడుతున్నాయి," అన్నాడు.

ఈసారి మాత్రం ఇంటికి వస్తూ దారిలో రెండుచోట్ల కూర్చున్నాడు.

ఆ గేటు లోపల, కుడిపక్క ప్రహరీ మూలలో, మేస్త్రీ కూతురుంది. ఆరేళ్ళప్పుడు జ్వరం తీసుకుపోయింది. రాయి పెట్టించే స్తోమతు అప్పుడు లేదు. తలవైపు ఒక ఇటుక నిలువుగా పాతాడు. ఆ తరవాత స్తోమతు వచ్చినా ఇటుక మార్చడానికి భార్య ఒప్పుకోలేదు. ఆవిడ జీవితంలో మొగుణ్ణి అడిగినవి తక్కువ. అడిగిన వాటిలో ఇన్నేళ్ళూ మారకుండా ఉన్నది ఒకటే: నన్ను దాని పక్కన పెట్టు.

ఇప్పుడు ఆవిడ గుండె చెడింది. ఒంటికి నీరు పడుతుంది, ఊపిరి అందదు. మాత్రలు వేసుకుంటే నీరు దిగుతుంది. వేసుకున్నన్నాళ్ళూ ఏడాదో, ఆ పైనో నడుస్తుందని, మానేస్తే మాత్రం తన చేతిలో లేదని డాక్టరు చెప్పాడు.

మేస్త్రీ ఇంట్లో ఏమీ అనలేదు. కానీ బావమరిది కార్పొరేషన్ ఆఫీసులోనే అటెండరు. ఫైళ్ళు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మోస్తాడు, దారిలో వాటిలోది కాస్త నోటికి అంటుకుంటుంది. అక్కని చూడ్డానికి వచ్చి, కాఫీ తాగుతూ, అదేదో ఊళ్ళో కబురులా చెప్పేశాడు. కొత్త శ్మశానం ఊరి పొలిమేర అవతల, చెత్త పారబోసే దిబ్బ పక్కన అని కూడా చెప్పాడు.

"ఎప్పటి నించి?" అని మాత్రం అడిగింది అక్క.

వారం తిరక్కుండా ఆవిడ పాదాలు ఉబ్బాయి. గోడకి దిండ్లు చేర్చుకుని కూర్చుని నిద్రపోవడం మొదలుపెట్టింది. మందు పట్టడం లేదనుకున్నాడు మేస్త్రీ. ఒక పొద్దున కిటికీలో ఉన్న మొక్క కుండీకి నీళ్ళు పోస్తుంటే మట్టిలో తెల్లగా ఏవో తేలాయి. వేలితో కెలికాడు. నాని మెత్తబడ్డ మాత్రలు.

అరచేతిలో పెట్టుకుని భార్య ముందుకి వెళ్ళాడు.

"ఏంటే ఇవి?"

"మాత్రలు."

"మొక్కకి గుండెజబ్బా?"

"దానికెందుకొస్తుంది? దానికి మొగుడు లేడుగా."

ఆయన నవ్వలేదు. మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"చచ్చిపోతావే."

"ఎలాగూ పోయేదాన్నే. ఒకటో తారీకు లోపల పోతే దాని పక్కన. దాటి పోతే చెత్తదిబ్బ పక్కన." మాటకి మాటకి మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. "గోడలు కొలిచేవాడివి, నీకీ మాత్రం లెక్క తెలీదా?"

"నేనో?"

"నువ్వేంటి?"

"నేను బతికుండాలి కదా. నువ్వు లేకుండా."

"నీకు తిండి వండుకోవడం వచ్చు," అంది ఆవిడ. "దానికి ఆరేళ్ళే."

ఆయన ఆఫీసుకి వెళ్ళి అడిగి వస్తానని, వచ్చేదాకా మాత్ర మింగమని బతిమాలాడు. వెళ్ళిరా, మింగే సంగతి వచ్చాక చూద్దామంది.

బావమరిది వెంటబెట్టుకుని ఆరోగ్య విభాగం అధికారి దగ్గరికి తీసుకెళ్ళాడు. మెట్ల మీద గొణిగాడు. "మంచివాడే బావా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడు, ఇక్కడ పూజారి ఇద్దామనే చూస్తాడు. దేవుడే ఎవరో తెలీదు."

అధికారి పెద్దవయసు మనిషి. విన్నాడు. మధ్యలో ఫోను మోగితే తీసి పక్కన పెట్టేశాడు.

"మూసే అధికారం కౌన్సిల్‌ది. ముందే ఇద్దరికీ కలిపి జోడు గోరీ కట్టించుకుని నమోదు చేయించుకున్నవాళ్ళకి మినహాయింపు ఉంది. మీరు కట్టించుకున్నారా?"

"ఇటుక పెట్టానండీ. ఒకటి. ఇప్పుడు కట్టుకోనివ్వండి, ఒక్కపూట పని."

"తీర్మానం అయ్యాక కట్టినవి చెల్లవు."

"మీరు ఒక్క మాట రాస్తే?"

"రాయడానికి నాకు అధికారం లేదు. అమలు చెయ్యడానికి ఉంది. అడ్డుకోవడానికి ఉంది." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పాపని కొత్తచోటికి మార్చుకుంటానంటే దరఖాస్తు పెట్టండి, నేను పంపిస్తాను."

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఆ మూలన పిల్ల మీద పిల్లని పూడ్చారు. ఇటుక తలకాయ ఒక్కటే తనది. దాని కింద ఇప్పుడు ఏ ఎముక ఎవరిదో భూమికే తెలియదు.

"ఎవరికీ చెప్పకుండా పూడిస్తే ఏంచేస్తారండీ?" అని అడిగాడు. బావమరిది మోచేత్తో పొడిచాడు.

అధికారికి కోపం రాలేదు. అదే మేస్త్రీని భయపెట్టింది. "తవ్వి తీస్తాం. తీసి, కొత్తచోట మేమే పూడుస్తాం. ఆ అధికారం చట్టంలో స్పష్టంగా ఉంది. నాకు ఇష్టం ఉండాల్సిన పని లేదు. ఎవరో ఒకరు వచ్చి చెప్తే చాలు, వెళ్ళాలి. అలాంటి పని చెయ్యకండి. ఆవిణ్ణి రెండుసార్లు పంపినట్టవుతుంది."

ఆయన లేచి మేస్త్రీని తలుపుదాకా సాగనంపాడు. కార్పొరేషన్‌లో అలా ఇంకెవరూ చెయ్యలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. "ఏమన్నారు?" అంది.

"చూస్తామన్నారు," అన్నాడు.

"అంటే లేదన్నారు." ఆవిడ మాత్ర వైపు చూడలేదు.

మర్నాడు గోడ మొదలుపెట్టాడు. తాడు లాగాడు, నిలువు చూసే గుండు వేలాడదీశాడు. సిమెంటు మాలు కలిపి తట్టలు మోసేది ఎప్పుడూ ఒకావిడే, అందరూ బుల్లెమ్మంటారు. నోరు పెద్దది, కన్ను అంతకన్నా పెద్దది. మొదటి వరసలు మామూలుగానే సాగాయి. తరవాత ఆయన నడుమన ఒక మనిషి పట్టేంత మేర విడదీసి, ఆ మేర ఇటుకల మధ్యకి సిమెంటు కాకుండా బంకమట్టి తెమ్మన్నాడు. బుల్లెమ్మ తెచ్చింది. గోడ తలెత్తు దాటాక ఆ మేర పైన అడ్డంగా కాంక్రీటు దూలం ఎక్కించమన్నాడు.

"మేస్త్రీ, దూలమెందుకు? కింద తలుపు లేదుగా."

"చేతికి అలవాటు."

"తలుపు లేకుండా దూలం వేసే అలవాటు నీకెప్పుడు పట్టింది?"

ఆయన తాపీతో మట్టి సందుల మొహాన పల్చగా సిమెంటు పూస్తున్నాడు. బయటికి గోడంతా ఒకటే తీరుగా ఉంది. దూలం కింద ఉన్న ఇటుకలు మాత్రం ఒకదాన్ని ఒకటి పట్టుకుని లేవు. పలుగు మొనతో ఒకటి పీకితే మిగతావి చేత్తో తీసెయ్యొచ్చు, పైన గోడ కదలదు. ఏ మేస్త్రీ అయినా చూస్తే చెప్తాడు. మేస్త్రీ కానివాడు చెప్పలేడు.

బుల్లెమ్మ లోపల ఉన్న మూల వైపు చూసింది. ఆ ఇటుక సంగతి ఆమెకి తెలుసు.

"నేను మోసేది తట్టలే," అంది. "మాటలు మోసే కూలీ నాకెవరూ ఇవ్వరు."

ఇంజినీరు వచ్చి దూలం ఎందుకన్నాడు. గేటు ఉన్నచోట పునాది మెత్తగా ఉంది, బరువు పక్కలకి పోవాలి అన్నాడు మేస్త్రీ. ఇంజినీరు గోడని అరచేత్తో చరిచి, "నూరేళ్ళుంటుంది," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మేస్త్రీ భార్యని ఆటోలో ఎక్కించాడు. వద్దంది, ఊపిరాడటం లేదంది. ఆయన వినలేదు. బావమరిది ఒకపక్క, తను ఒకపక్క పట్టుకుని ఆవిణ్ణి గోడ ముందుకి నడిపించారు.

ఆయన ఆవిడ చెయ్యి తీసుకుని ఒక సందు మీద పెట్టించాడు. జేబులోంచి మేకు తీసి అక్కడ గీశాడు. సిమెంటు పొర లేచింది, వెనక మట్టి రాలింది. ఆవిడ వేలితో తాకి, ఆ మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఏది సిమెంటో ఏది మట్టో ఆవిడకీ తెలిసింది.

"పైన దూలం వేశాను," అన్నాడు. "ఇది తలుపే. తియ్యడం నాకొక్కడికే తెలుసు."

"ఏడాది తరవాతైనా?"

"ఎన్నేళ్ళ తరవాతైనా."

"వీళ్ళు ఊరుకుంటారా?" ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు ఆ ఆఫీసులోనే ఉంటావు కదరా. చెప్పు. తెలిస్తే ఏం చేస్తారు?"

బావమరిది బావ వైపు చూశాడు. మేస్త్రీ అతన్ని చూడటం లేదు, గోడని చూస్తున్నాడు. రాలిన మట్టిని బొటనవేలితో సందులోకి తిరిగి నొక్కుతున్నాడు, అది మళ్ళీ రాలుతోంది.

"ఏం చేస్తారక్కా," అన్నాడు. "ఒక ఫైలు తెరుస్తారు. అది మూసేలోపు వాళ్ళే పోతారు."

ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు తగ్గేదాకా గోడకి నుదురు ఆనించి నిలబడింది. ఆటో ఎక్కాక అడిగింది, "మాత్ర తెచ్చావా?"

తెచ్చాడు. చొక్కా జేబులో ఉంది.

నీరు నెమ్మదిగా దిగింది. పాదాల్లో ఎముకలు మళ్ళీ కనిపించాయి. ఆవిడ పడుకుని నిద్రపోయింది, తిట్టింది, కూరలో ఉప్పు చాలలేదంది. వాన కురిసినప్పుడల్లా మేస్త్రీ తాపీ పట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తేవాడు. మట్టి జారితే సందులు బయటపడతాయి. పూసి, తడి చేతులతో అక్కడే కూర్చునేవాడు. తను కట్టిన తలుపు లోపలికి వెళ్ళడానికి పనికొస్తుంది. తవ్వి తీసేవాళ్ళు కూడా అందులోంచే వస్తారు. ఏ దూలమూ దాన్ని ఆపదు. తవ్వి తీస్తామని ఆ అధికారి చెప్పిన మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆవిడ మొక్కకి మాత్రలు పెడుతుంది. చెప్పకపోతే ఒకటో తారీకు దాటుతుంది.

ఒకటి రానే వచ్చింది. పొద్దున్నే బావమరిది వచ్చి, చేతులు ముందుకి కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఇవాళ తారీకు ఎంత?" అంది ఆవిడ మంచం మీంచి.

ఇంకా పొద్దుంది. ఇప్పుడైనా తవ్వి తీస్తారన్న నిజం చెప్పొచ్చు. చెప్పినా ఇంక లాభం లేదు. మేస్త్రీకి రెండూ ఒక్కసారే తోచాయి.

"ఒకటి," అన్నాడు.

ఆవిడ కాసేపు పైకప్పు వైపు చూసింది. దాటేశానన్నమాట అని తనలో తను అనుకుంది. తరవాత ఆయన వైపు చెయ్యి చాపింది.

"మంచినీళ్ళియ్యి."

ఆయన గ్లాసు నింపాడు. ఆవిడ మాత్ర నాలిక మీద పెట్టుకుని, ఆయన్నే చూస్తూ, మింగింది.