గునెల్ గారి స్వెటర్, మగ ఎలుకల చెవులు

టోర్గ్నీ పెళ్ళి చేసుకోలేదు. గోథెన్‌బర్గ్‌లో ఓ పరిశోధనశాల ఎలుకలకు తల్లీ తండ్రీ అతనే. మేత వేస్తాడు, గూళ్ళు కడుగుతాడు, కబుర్లు చెబుతాడు. కబుర్లకు జీతం లేదు.

పుట్టుకలో ఊపిరాడని పసిపిల్లల కోసం జరిగే పరిశోధన అది. ఆ ఎలుకలకూ పసితనంలోనే ఊపిరాడక మెదడు దెబ్బతింది. మెదడు కోలుకుంటుందేమోనని కొన్నిటిని వెంటనే కాసేపు చల్లబరిచారు. పెరిగాక వాటి చెవులకు పరీక్ష పెట్టారు. బుస్సుమనే మోత మధ్యలో రెప్పపాటు నిశ్శబ్దం, ఆ వెంటనే ఢామ్మని చప్పుడు. నిశ్శబ్దాన్ని పసిగట్టిన ఎలుక సర్దుకుంటుంది, పెద్దగా ఉలిక్కిపడదు. దెబ్బ తగిలినా ఆడవి చాలావరకు పసిగట్టేశాయి. తంటా అంతా మగవాటితోనే. చల్లదనం వాటి చెవుల్ని కాపాడిందో లేదో సోమవారం తేలాలి.

శుక్రవారం, ఆ పరీక్షలు చేసే దీసా పిలిచింది.

"టోర్గ్నీ, నువ్వు గదిలోకొస్తే మగవి బిగుసుకుపోతున్నాయి. మగ వాసనంటే వాటికి హడల్."

"నేను రోజూ స్నానం చేస్తాను!"

"చేసినా మగాడివేగా! ఆడమనిషి విడిచిన బట్ట దగ్గరుంటే భయం తగ్గుతుందట. తెచ్చుకో. లేదంటే సోమవారం నుంచి సీసాలు కడిగే గదికి పో. నన్నడక్కు, నావి ఇవ్వను."

టోర్గ్నీ తన చేతుల్లో పెరిగిన పిల్లల్ని వదిలేసి సీసాలతో ఏం మాట్లాడతాడు?

ఆదివారం, అపార్ట్‌మెంటు కింద అందరూ వంతులవారీగా బట్టలుతుక్కునే గదిలోకి దూరాడు. ఆ రోజు వంతు పొరుగింటి గునెల్ గారిది. యంత్రంలో ఒక్క మేజోడు మర్చిపోయినవాణ్ణి ఏడాదిపాటు సాధించిన మనిషి ఆవిడ. ఆవిడ బుట్టలోంచి ఊదారంగు స్వెటర్ ఒకటి లాగి, విడిచినదో ఉతికినదో తేల్చుకుందామని ముక్కుకి ఆనించాడు.

"ఏమయ్యా! ఏంటా పని?"

గుమ్మంలో గునెల్ గారు. టోర్గ్నీ చెమటలు కక్కుతూ ఎలుకలూ, చెవులూ, సీసాలూ అన్నీ ఏకరువు పెట్టాడు. ఆవిడ కన్నార్పకుండా విన్నది.

"పాపం, ఆ మగపిల్లలకి వినబడుతుందా మరి?"

"రేపు తెలుస్తుందండీ. నా వాసన అడ్డం రాకపోతే."

"నీ చేతిలోది ఉతికిందయ్యా, బుద్ధిలేనోడా!" అంటూ ఒంటిమీది స్వెటర్ విప్పి అతని మొహాన కొట్టింది. "ఇది తగలెయ్యి. ఇంకోసారి నా వంతులో కనబడ్డావో, నిన్నే యంత్రంలో వేసి తిప్పుతా!"

సోమవారం టోర్గ్నీ ఆ స్వెటర్‌లో ఇరుక్కుని వెళ్ళాడు. సగం పొట్ట బయటే ఉంది. మగ ఎలుకలు హాయిగా మీసాలు దువ్వుకున్నాయి. చల్లబరిచినవాటిలో చాలావరకు ఆ నిశ్శబ్దాన్ని ఇట్టే పట్టేశాయి. టోర్గ్నీ ఆనందం పట్టలేక భోరుమన్నాడు.

"ఏడవకు, స్వెటర్ తడుస్తుంది" అంది దీసా. "నీ పని ఎక్కడికీ పోదులే. ఆవిడెవరో మహాతల్లి! వాసన తగిలితేనే ఇంత నిమ్మళంగా ఉన్నాయి."

"అవింకా ఆవిణ్ణి చూళ్ళేదుగా" అన్నాడు టోర్గ్నీ.